వ్రీహులు లేనిచో నీవారములు: సాదృశ్యవిచార చరిత్ర

యజమానుడు ఇష్టికి సంకల్పించెను. పురోడాశమునకు వ్రీహులను, అనగా వడ్లను, సిద్ధము చేసికొనెను. ఇంతలో అవి చెడిపోయినవి. వేరు వడ్లు దొరకుట లేదు. ఆరంభించిన కర్మను విడిచినచో ప్రత్యవాయము కలుగును. ధాన్యము లేనిచో పురోడాశము సిద్ధింపదు. అప్పుడేమి చేయవలెను?

జైమినిమహర్షి పూర్వమీమాంసాసూత్రములలో ఆరవ అధ్యాయము, మూడవ పాదము ఈ ప్రశ్నను విచారించుచున్నది. నీవారములను, అనగా ఎవరును విత్తకుండ తమంతట పండు నివ్వరిధాన్యమును, గ్రహింపవలెనని అచటి సిద్ధాంతము. దీనికే ప్రతినిధి అని పేరు. నీవారములనే ఏల గ్రహింపవలెను? అవి వ్రీహులకు సదృశములు గనుక.

సదృశము అను మాట వినుటకు సులభము, విచారించుటకు కఠినము. గింజకు గింజ రంగులో పోలవలెనా, ఆకారములో పోలవలెనా, రుచిలో పోలవలెనా? ఎంతవరకు పోలినచో చాలును? ఆ పోలిక గింజలో ఉన్నదా, చూచువాని బుద్ధిలో ఉన్నదా? వైయాకరణులు, మీమాంసకులు, నైయాయికులు, బౌద్ధులు, వేదాంతులు రెండువేల సంవత్సరములకు పైగా ఈ ప్రశ్నలను చర్చించిరి. మానవుడు వస్తువులను పోలికను బట్టి ఎట్లు వర్గీకరించుచున్నాడను విచారము భారతదేశమున కేవలము బుద్ధివినోదముగా సాగలేదు. కర్మ ఫలించునా లేదా, వేదము నిత్యమా కాదా అను ప్రశ్నలు దానిపై ఆధారపడియుండెను.

గోశబ్దమునకు అర్థమేమి?

క్రీస్తుపూర్వము 2వ శతాబ్దివాడని పండితులు నిర్ణయించిన పతంజలి మహాభాష్యారంభమున గోశబ్దమును ఉదాహరణముగా గ్రహించెను. గంగడోలు, తోక, మూపురము, గిట్టలు, కొమ్ములు గల ఆ వస్తువే శబ్దమా, లేక దానియందలి తెలుపు, నలుపు మొదలగు గుణములు శబ్దమా అని ప్రశ్నించి, అవి ఏవియు శబ్దము కావని చెప్పెను. ఆ శబ్దమును ఉచ్చరించినప్పుడు మనకు తోచునది ఒక్క ఆవా, సకల గోవులకు సమానమైన ఆకృతియా అను ప్రశ్న అంతకు పూర్వమే ఉండెను. శబ్దమునకు ద్రవ్యము అర్థమని వ్యాడి, ఆకృతి అర్థమని వాజప్యాయనుడు చెప్పినట్లు వ్యాకరణసంప్రదాయము ఇరువురి మతములను భద్రపరచినది.

ఈ వాదములో తేడా చిన్నది కాదు. గోశబ్దము ఒక్కొక్క వ్యక్తినే చెప్పునదైనచో, నేడు పుట్టిన దూడకు ఆ పేరు ఎట్లు వచ్చును? దానిని ఇదివరలో ఎవరును చూడలేదు, దానికి ఎవరును పేరు పెట్టలేదు. అయినను పల్లెలోని పసివాడు సైతము దానిని చూచి ఆవుదూడ అనుచున్నాడు. చూడనిదానికి సైతము పేరు సిద్ధముగా నున్నదనగా, ఆ పేరు వ్యక్తిని మించిన దేనినో పట్టుకొనియున్నదని అర్థము.

మీమాంసకులు ఆకృతిపక్షమును స్వీకరించిరి. దానికి వారు చూపిన ఒక ఉదాహరణము యాగశాల నుండియే వచ్చినది. ఇటుకలతో శ్యేనచితిని నిర్మింపవలెనని శ్రుతి విధించుచున్నది. శ్యేనము అనగా డేగ. ఇటుకలను ఎన్ని పేర్చినను ప్రాణముగల డేగ పుట్టదు. శ్యేనశబ్దమునకు వ్యక్తియే అర్థమైనచో ఆ విధి అసాధ్యమైన పనిని చేయుమనినట్లగును. శ్యేనాకృతి అర్థమైనచో విధి సార్థకమగును. ఇటుకల చితి డేగ కాదు, డేగను పోలినది. ఆ పోలికయే అచట విధింపబడినది.

శంకరభగవత్పాదులు బ్రహ్మసూత్రభాష్యమున దేవతాధికరణమునందు ఈ సిద్ధాంతమును ఒక సంకటమును తీర్చుటకు వినియోగించిరి. దేవతలకు శరీరము కలదన్నచో వారు పుట్టుదురు, నశింతురు. నశించు వ్యక్తులను చెప్పు శబ్దములు గల వేదము నిత్యమెట్లగును? శబ్దమునకు సంబంధము ఆకృతితోనే గాని వ్యక్తితో కాదని ఆచార్యుల సమాధానము. ఇంద్రుడు అను మాట సేనాపతి అను మాట వంటిది. ఆ స్థానమును ఎవరు అధిష్ఠించిన వారిని ఆ శబ్దము చెప్పును. కల్పము మారినను స్థానము మారదు, శబ్దము వ్యర్థము కాదు. గోశబ్దమును గూర్చి మొదలైన విచారము మంత్రములోని ఇంద్రశబ్దమును కాపాడుటకు ఉపకరించినది.

మట్టి ఆవు

గౌతమమహర్షి న్యాయసూత్రములలో ఈ విషయమును వేరొక దిక్కు నుండి పరిశీలించెను. వ్యక్తి, ఆకృతి, జాతి అను మూడును కలిసి పదమునకు అర్థమని ఆయన సిద్ధాంతము. ఆకృతి యొక్కటియే ఏల చాలదు? దీనికి సమాధానముగా చూపబడినది మట్టి ఆవు.

కుమ్మరి చేసిన మట్టి ఆవునకు కొమ్ములు కలవు, మూపురము కలదు, తోక కలదు. అది ఒక వ్యక్తియు అగును, ఆకృతియు కలదు. అయినను దానికి ఎవరును ప్రోక్షణాదులు చేయరు. గోవును తెమ్మన్నప్పుడు దానిని తీసికొనిరారు. గోదానమున దానిని దానము చేయరు. ఆకారము పోలినను గోత్వము అను జాతి దానియందు లేదు. శ్యేనచితికి ఆకృతి చాలినది, గోదానమునకు చాలలేదు. చితికి కావలసినది రూపము, దానమునకు కావలసినది ప్రాణముతో నిలిచి పాలిచ్చు గోవు. ఏ పోలిక చాలునో, ఏది చాలదో నిర్ణయించునది ప్రయోజనమని ఈ రెండు ఉదాహరణములను ప్రక్కప్రక్కన నుంచినచో స్పష్టమగును.

పోలిక జ్ఞానమునకు ద్వారమగుటను సైతము న్యాయశాస్త్రము గుర్తించినది. ఉపమానమును ప్రత్యేకప్రమాణముగా అది అంగీకరించును. నగరవాసి గవయమును ఎన్నడును చూడలేదు. గోవును పోలిన మృగము గవయమని వనచరుని వలన వినెను. తరువాత అరణ్యమున గోవును పోలినదానిని చూచి, విన్న మాటను స్మరించి, ఇదియే గవయమని తెలిసికొనెను. గవయము గోవును పోలినది గాని గోవు కాదు. సాదృశ్యము తెలిసినదాని నుండి తెలియనిదానికి దారి చూపుచున్నది, అదే సమయమున రెండింటిని వేరుగానే నిలుపుచున్నది. పోలిక కలదనుటలోనే భేదము కలదను అంగీకారము ఇమిడియున్నది.

వైశేషికులు సామాన్యమును ఆరు భావపదార్థములలో నాలుగవదానిగా గణించిరి. ద్రవ్యము, గుణము, కర్మ, సామాన్యము, విశేషము, సమవాయము అని వారి క్రమము. సత్త అన్నింటికంటె వ్యాపకమైన సామాన్యము. ద్రవ్యత్వము, పృథివీత్వము, ఘటత్వము అని క్రిందికి దిగినకొలది వ్యాప్తి తగ్గును. ద్రవ్యత్వము పృథివి మొదలగువానిని ఒకటిగా కూర్చుచున్నది, గుణకర్మల నుండి వేరుచేయుచున్నది. సామాన్యవిశేషములు బుద్ధిని అపేక్షించునవని కణాదమహర్షి సూచించియుండుట గమనింపదగినది. ఒకే ధర్మము ఒక దృష్టిలో కలుపును, వేరొక దృష్టిలో విడదీయును.

వేంగీసీమ నుండి వచ్చిన ఆక్షేపము

జాతి వస్తువునందు నిజముగా ఉన్నదను ఈ మతమును తీవ్రముగా ఆక్షేపించినవారు బౌద్ధతార్కికులు. వారిలో అగ్రగణ్యుడు దిఙ్నాగుడు. ఆయన క్రీస్తుశకము 5, 6 శతాబ్దుల సంధిలోనివాడు. 7వ శతాబ్దిలో భారతదేశమున సంచరించిన చీనాయాత్రికుడు హ్యూయెన్‌త్సాంగు ఆంధ్రదేశ రాజధానికి సమీపమున నున్న ఒక కొండపై దిఙ్నాగుడు హేతువిద్యాగ్రంథమును రచించెనని వ్రాసెను. ఆ రాజధాని వేంగి యని, అది నేటి ఏలూరు సమీపమునందలి పెదవేగి యని చరిత్రకారులు గుర్తించిరి.

దిఙ్నాగుడు ప్రమాణసముచ్చయమున ప్రతిపాదించినది అపోహవాదము. గోవులన్నింటిలో గోత్వమను ఒకే నిత్యపదార్థము లేదు. ప్రతి వస్తువును స్వలక్షణము, అనగా తనకు తానే సాటియైనది. గోశబ్దము చేయునది గోవు కానిదానిని తొలగించుట మాత్రమే. గుఱ్ఱము కాదు, ఏనుగు కాదు, చెట్టు కాదు అని తొలగింపగా మిగిలినవి గోవులు. ఒక్కటిగా తోచుట బుద్ధి చేసిన కల్పన.

అట్లైనచో ఆ కల్పన గోవులయందే ఏల కలుగుచున్నది, గుఱ్ఱములయందు ఏల కలుగుటలేదు అను ప్రశ్న వచ్చును. 7వ శతాబ్దివాడైన ధర్మకీర్తి దీనికి వైద్యశాలలోని దృష్టాంతమును చూపెను. గుడూచి, అనగా తిప్పతీగ, మొదలగు ఓషధులు పరస్పరము భిన్నములు. అయినను అవి జ్వరమును శమింపజేయును. వానియందు జ్వరశమనత్వమను ఒక జాతి కూర్చున్నదని చెప్పనక్కరలేదు. భిన్నములై యుండియు ఒకే కార్యమును చేయుటచేత బుద్ధి వానిని ఒక గుంపుగా చేయుచున్నది. ఇచట పోలిక రూపమున లేదు, ఫలమున కలదు.

కుమారిలభట్టు శ్లోకవార్తికమున అపోహవాదమునకు ఒక ప్రకరణమునే కేటాయించి ప్రత్యుత్తరమిచ్చెను. గోవు కానిదానిని తొలగించుటకు గోవు కానిదేదో తెలియవలెను. దానిని తెలియుటకు ముందు గోవేదో తెలియవలెను. ఒకటి తెలిసిన గాని రెండవది తెలియదు, రెండవది తెలిసిన గాని మొదటిది తెలియదు. శాస్త్రమున దీనిని అన్యోన్యాశ్రయదోషమందురు. సాదృశ్యమును గూర్చియు కుమారిలుడు స్పష్టముగా చెప్పెను. ఒక వస్తువునందలి అవయవముల సామాన్యములు వేరొక వస్తువునందు అధికసంఖ్యలో నుండుటయే సాదృశ్యము. ప్రాభాకరులు దీనికి సమ్మతింపక, సాదృశ్యమును ప్రత్యేకపదార్థముగా గణించిరి.

ఈ వాదమున బౌద్ధుల పక్షము నిలువలేదని వైదికసంప్రదాయము నిర్ణయించినది. అయినను వారి ప్రశ్న నిష్ఫలము కాలేదు. ఆ ఆక్షేపము వచ్చిన తరువాత, సామాన్యమైన పేరు కనబడిన ప్రతిచోట ఒక జాతి కలదని తేలికగా చెప్పుటకు అవకాశము లేకపోయెను.

ప్రతి పేరును జాతి కాదు

ఆ జాగ్రత్త ఉదయనాచార్యుల రచనలో ప్రస్ఫుటముగా కనబడును. ఆయన లక్షణావళిని శకము 906లో, అనగా క్రీస్తుశకము 984లో, ముగించినట్లు ఆ గ్రంథమే చెప్పుచున్నది. కిరణావళియందు ఆయన జాతిబాధకములను ఆరింటిని పేర్కొనెను. వ్యక్తి ఒక్కటియే అయినచో జాతి లేదు. ఆకాశమొక్కటియే గనుక ఆకాశత్వము జాతి కాదు. రెండు పేర్లు సరిగా అవే వస్తువులను చెప్పునవైనచో రెండు జాతులు లేవు. ఘటత్వము, కలశత్వము వేరువేరు జాతులు కావు.

మూడవది సంకరము. భూతములు ఐదు: పృథివి, జలము, తేజస్సు, వాయువు, ఆకాశము. మూర్తములును ఐదు: పృథివి, జలము, తేజస్సు, వాయువు, మనస్సు. నాలుగు రెండింటిలోను కలవు. ఆకాశము మొదటిదానిలో మాత్రమే, మనస్సు రెండవదానిలో మాత్రమే కలవు. ఇట్లు ఒకదానినొకటి అడ్డముగా కోయు వర్గములు జాతులు కానేరవు. మిగిలిన మూడు అనవస్థ, రూపహాని, అసంబంధము. జాతికి మరల ఒక జాతి, దానికి వేరొక జాతి అని చెప్పుచు పోయినచో అంతము లేదు గనుక అనవస్థ బాధకమైనది.

జాతి కాని సామాన్యధర్మమును ఉపాధి యందురు. వంట చేయువానిని పాచకుడందురు. పాచకులెందరో కలరు, పేరు ఒక్కటియే. కాని పాచకత్వము గోత్వము వలె పుట్టుకతో వచ్చి వ్యక్తి ఉన్నంతవరకు విడువక నిలుచు జాతి కాదు. అది పాకక్రియను బట్టి వచ్చిన పేరు. వ్యవహారమునకు మనము కూర్చుకొన్న వర్గమును వస్తుస్వభావమని భ్రమింపరాదని ఈ విభాగము బోధించుచున్నది. ఆ భ్రమ తర్కమునకు మాత్రమే కాక, మనుష్యుని మనుష్యుడు చూచు చూపునకు సైతము హాని చేయును. ఒకడు ఒకనాడు చేసిన పనిని బట్టి వానికొక పేరు పెట్టి, ఆ పేరే వాని స్వరూపమని నమ్ముట ఉపాధిని జాతిగా గ్రహించుటయే.

శ్రీరామానుజాచార్యులు (సంప్రదాయానుసారము 1017–1137) శ్రీభాష్యమున ఇంకొక సులభమార్గమును చూపిరి. వస్తువు యొక్క సంస్థానము, అనగా అవయవముల కూర్పు, కంటె వేరుగా జాతియను పదార్థమును ఎవరును చూడలేదు. ఒక గోవు సంస్థానమును పోలిన సంస్థానము వేరొకదానియందు కనబడినప్పుడు ఇదియు గోవే అనుచున్నాము. విశిష్టాద్వైతమున ఆ సంస్థానమే జాతి. సాదృశ్యమును దాటిన రహస్యపదార్థమును ఒప్పుకొననక్కరలేదు, బుద్ధికల్పనయని కొట్టివేయనక్కరలేదు.

ఈ శాస్త్రసారమునంతయు బాలురకు అందునట్లు సంగ్రహించినవాడు 17వ శతాబ్దికి చెందిన అన్నంభట్టు. ఆయన ఆంధ్రుడు, కాశీక్షేత్రమున శాస్త్రాధ్యయనము చేసెనని ప్రసిద్ధి. కాశికి పోయినంతమాత్రమున ప్రతివాడును అన్నంభట్టు కాడని పండితులలో లోకోక్తి కలదు. ఆయన తర్కసంగ్రహము నేటికిని న్యాయశాస్త్రమున తొలి పాఠ్యగ్రంథము. సామాన్యము నిత్యము, ఏకము, అనేకవస్తువులలో అనుగతము అని ఆయన ఇచ్చిన లక్షణమును విద్యార్థి మొదటి సంవత్సరముననే కంఠస్థము చేయును. దాని వెనుక ఇంత వాదచరిత్ర కలదని అతనికి చాల కాలము తరువాత గాని తెలియదు.

సాదృశ్యము చాలని చోటు

ఇప్పుడు యాగశాలకు మరల రావలెను. ప్రతినిధి విషయమున మీమాంస చేసిన నిర్ణయములు ఈ విచారమంతటికి ఆచరణరూపమైన ఫలము.

మొదటిది. నీవారములను వాడునప్పుడు మంత్రమందలి వ్రీహిశబ్దమును నీవారశబ్దముగా మార్చరాదు. యజమానుడు నీవారములను కోరి గ్రహించుటలేదు. వానిలోనున్న వ్రీహ్యంశములకొరకు గ్రహించుచున్నాడు. చేతిలోనిది మారినను ఉద్దేశము మారలేదు.

రెండవది. పోలిక ఎంత ఉన్నను నిషిద్ధమైనది ప్రతినిధి కాజాలదు. పెసలు లభింపనప్పుడు మినుములు వానికి దగ్గరగా కనబడును. కాని మినుములు, ఆరికలు మొదలగునవి యజ్ఞమునకు అర్హములు కావని శ్రుతి చెప్పినది గనుక మినుములను గ్రహింపరాదు.

మూడవది. దేవతకు, ఆహవనీయాది అగ్నులకు, మంత్రమునకు, క్రియకు ప్రతినిధి లేదు. ఒక దేవతకు బదులు అటువంటి వేరొక దేవత, ఒక మంత్రమునకు బదులు అదే అర్థము గల వేరొక మాట అనుట చెల్లదు. ద్రవ్యము పురోడాశము వంటి దృష్టప్రయోజనమును సాధించును గనుక, దానిని పోలినది ఆ పని చేయగలదు. దేవతామంత్రాదుల ఫలము శాస్త్రము వలననే తెలియదగినది. అచట పోలిక ఆ పని చేయునని చెప్పుటకు ఆధారము లేదు.

నాలుగవది, బహుశః అన్నింటికంటె సూక్ష్మమైనది. వ్రీహులు పోయినవి, నీవారములు తెచ్చిరి. ఆ నీవారములును నశించినవి. ఇప్పుడు దేనిని వెదకవలెను? నీవారములను పోలినదానినా, వ్రీహులను పోలినదానినా? వ్రీహులను పోలినదానినే వెదకవలెనని సిద్ధాంతము. విధింపబడినవి వ్రీహులు. నీవారమునకు తనంత తానుగా ఏ అధికారమును లేదు. నీవారమును పోలినది, దానిని పోలినది, మరల దానిని పోలినది అని పోవుచుండినచో, ప్రతి అడుగును చిన్నదిగానే కనబడును. కాని చివరకు చేతిలో మిగిలినది వ్రీహిని ఏ విధముగను పోలకపోవచ్చును. ప్రతిసారియు మూలముతో సరిచూచుటయే ఆ జారుడునకు అడ్డుకట్ట.

సాదృశ్యముతో సంబంధము లేని ప్రతినిధులును కలవు. సోమలత లభింపనిచో పూతీకములను పిండుమని శ్రుతియే విధించినది. అచట పోలికను కొలువనక్కరలేదు, వచనమే ప్రమాణము. తెలుగుదేశమున ఇంటింట జరుగు పూజలో వస్త్రము లేనప్పుడు, ఆభరణము లేనప్పుడు అక్షతలు సమర్పించుదురు. అక్షతకు వస్త్రముతో ఏ పోలికయు లేదు. అది శిష్టాచారము చేత నిలిచినది. గోదానమునకు బదులిచ్చు నిష్క్రయద్రవ్యమును గోవును పోలదు. అది మూల్యముగా నిచ్చునది. ఈ భేదము తెలిసినవాడు అక్షతలకును మూల్యమునకును కట్టుబడియుండును. తెలియనివాడు ఇది బదులైనచో ఇంకేదియైనను బదులగునుగదా అని తలచి, తన సౌకర్యమునకు వచనాధికారమును అంటగట్టును.

నేడు దేశాంతరములందు నివసించు గృహస్థులకు విధించిన పత్రములు, సమిధలు, ధాన్యములు అన్నియు దొరకవు. దొరికినదానితో చేయుటలో దోషము లేదు. లోపము వచ్చినను నిత్యకర్మను విడువరాదనియే మీమాంసాశాస్త్రము ఈ మార్గమును చూపినది. చేయువాడు తనను తాను అడుగవలసినవి నాలుగు మాటలు: ఇది దేనికి బదులు? ఏ అంశమున పోలినది? దీనికి నిషేధము కలదా? పోలిక చేత గ్రహించితినా, వచనము చేత గ్రహించితినా?

గత సంవత్సరము చేసినదానిని పోలినట్లు ఈ సంవత్సరము చేయుట చాలదు. గత సంవత్సరము వాడినది నీవారమైయుండవచ్చును. వ్రీహులు దొరికిన నాడు వ్రీహులనే గ్రహింపవలెను. దొరకని నాడు చేతిలో నీవారములున్నను, నోట వ్రీహిశబ్దమే పలుకవలెను.